వివిధ రంగాలలో జడ ప్రముఖులు

మా అమ్మాయికి ఒకటో తరగతిలో సీటు రాకుండా పోయేంత పని చేసింది ఒకే ఒక్క మాట. ఆ మాట జాట్. ఉత్తరాదిన హర్యానా, రాజస్థాన్ వైపు జాట్లని ఒక పెద్ద కులం ఉందట. సేద్యంలో, సైన్యంలో, ఆటల్లో, చదువుల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు వాళ్ళలో బోలెడుమంది ఉన్నారట. అలాంటివాళ్ళ గురించి దేశమంతటా బడిపిల్లలకు చెప్పాలని ఢిల్లీలో ఎవరో పెద్దలకు మంచి బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి మా జంక్షన్ ఊరికి చేరేసరికి ఏమైందో చెబుతాను. అది చేరినప్పుడు నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాను.

మునిసిపల్ మోడల్ స్కూలు హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబ గారి గది అది. పాపకి సీటు అడగడానికి వెళ్ళాను. ఆ బడి మా వీధి చివరే ఉంది. అందులో సీటు దొరక్కపోతే మిగిలింది రైలు పట్టాలకు అవతల ఉన్న బడి. ఆరేళ్ళ పిల్ల రోజూ పట్టాలు దాటి వెళ్ళడమంటే, తలచుకుంటేనే నాకు భయం. ఇదే భయంతో మా అమ్మ నన్ను తొమ్మిదో తరగతిలో మాన్పించింది. మా హైస్కూలూ పట్టాల అవతలే ఉండేది మరి.

పాప పేరు మోక్షిత. వేసవిలో దానికి జ్వరం వచ్చి ఎంతకీ దిగకపోతే తలనీలాలిస్తానని కొండకు మొక్కుకున్నాను. జ్వరం తగ్గింది, మొక్కు తీర్చాను. ఆ రోజుకి దాని గుండు మీద ఇంకా గంధం వాసన పోలేదు.

మండల విద్యాధికారి దక్షిణామూర్తి గారు కూడా ఆ గదిలోనే ఉన్నారు. స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టిన ఫోనులో ఢిల్లీ నుంచి మీటింగు జరుగుతోంది. సిగ్నలు వచ్చినప్పుడు అందులోని పెద్దమనిషి మాట్లాడుతున్నాడు, పోయినప్పుడు నోరు తెరుచుకుని ఆగిపోతున్నాడు.

"జాట్ సముదాయ్ కే... ప్రముఖ్ వ్యక్తి... వివిధ్ క్షేత్రోఁ మే..." అని నోరు తెరుచుకుని ఆగిపోయాడు. మళ్ళీ కదల్లేదు.

"విన్నారుగా మేడం," అన్నారు దక్షిణామూర్తి గారు. "వివిధ క్షేత్రముల యందు జట సముదాయ ప్రముఖ వ్యక్తులు. వారిని గుర్తించి, సత్కరించి, విద్యార్థులకు పరిచయం చేయవలెను."

"ఆయన జాట్ అన్నట్టున్నారు సార్," అన్నారు భ్రమరాంబ గారు.

"హిందీవారికి మాట చివర అకారం పలకడం రాదు మేడం. రామ అనమంటే రామ్ అంటారు. యోగ అనమంటే యోగ్ అంటారు. అదే విధముగా జట. జట అనగా జడ."

"మరి జా అని దీర్ఘం తీశారు గదండీ?"

"ఆయనది సాగదీసే గొంతు."

"ఢిల్లీ వాళ్ళకి మన జడలతో ఏం పని సార్?"

"ఎందుకు అనేది మన పరిధిలోని అంశం కాదు. ఎలా అనేదే మన పరిధి," అని ఆయన లేచి, నా పక్కన కూర్చున్న మోక్షిత గుండు వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మర్నాటి నుంచి ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. జట సముదాయ ప్రముఖుల వారోత్సవం జరుగుతుందని, చివరి రోజున ఢిల్లీ నుంచి డైరెక్టరు గారు స్వయంగా విచ్చేస్తారని, వివిధ రంగాలలో జడ కలిగిన ప్రముఖులు తక్షణమే సచివాలయంలో తమ వివరములు సమర్పించవలెనని ఆ మైకు చెప్పింది. సచివాలయం అమ్మాయి టేపు పట్టుకుని ఇంటింటికీ వచ్చి జడలు కొలుచుకుపోయింది. నడుము దాటితే అత్యంత ప్రముఖులట. వీపు వరకు ఉంటే ప్రముఖులట. భుజాల దగ్గర ఆగిపోతే వర్ధమాన ప్రముఖులట. మా ఎదురింటి అత్తాకోడళ్ళ కొలతల్లో కోడలు అత్యంత ప్రముఖురాలు, అత్త వర్ధమాన ప్రముఖురాలు అని తేలింది. ఆ ఇంట్లో వారం రోజులు వేరువేరుగా వంటలు నడిచాయి.

రంగాలు నింపడం అంత తేలిక కాలేదు. వ్యవసాయ రంగానికి వీరరాఘవమ్మ దొరికింది. నాటు వేయడానికి వంగితే ఆవిడ జడ బురదలో ఆనుతుందని పేరు. రక్షణ రంగానికి ఒక హోంగార్డు అమ్మాయి దొరికింది. మందుల షాపులో పనిచేసే పిల్లని శాస్త్ర రంగంలో వేశారు. క్రీడా రంగానికి ఖోఖో ఆడే పిల్ల వచ్చింది. పరిగెత్తేటప్పుడు అందరూ జడ పట్టుకుని అవుట్ చేస్తున్నారని ఆట మానేసిందట ఆ పిల్ల. అయినా జడ ఉంది గనక ప్రముఖురాలే అన్నారు దక్షిణామూర్తి గారు. మగవాళ్ళకు కూడా ప్రాతినిధ్యం ఉండాలని ఎవరో లేవనెత్తితే, స్టేషను ప్లాట్‌ఫారం చివర కూర్చునే సాధువుని ఆధ్యాత్మిక రంగంలోకి తీసుకున్నారు. ఆయనవి నిజమైన జటలు. ఉత్తర్వులో మాటకి అక్షరాలా సరిపోయినవాడు ఆయనొక్కడే.

ఇదంతా నాకూ నవ్వులాటగానే ఉండేది, సీట్ల యాప్ తెరిచేదాకా.

భ్రమరాంబ గారు పాప వివరాలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ వచ్చి ఒకచోట ఆగిపోయారు.

"వారోత్సవం కోసమని దక్షిణామూర్తి గారు కొత్తగా పెట్టించారమ్మా. జడ పొడవు ఎంతో వెయ్యాలి."

"సున్నా వెయ్యండి మేడం."

వేశారు. ఎర్రగా ఏదో వచ్చింది. మళ్ళీ వేశారు. మళ్ళీ వచ్చింది.

"సున్నా తీసుకోవట్లేదు త్రిపురా. అబ్బాయిలకైతే వర్తించదు అని ఉంది. అమ్మాయిలకి అది లేదు."

"పోనీ అబ్బాయని వేస్తారా?"

"వేస్తే వెయ్యొచ్చు గానీ, పదో తరగతి దాకా అబ్బాయే అవుతుంది. తర్వాత సర్టిఫికెట్టు మార్చడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు."

సీట్లు శనివారంతో ఆఖరు. నేను కొండ మీద ఇచ్చిన తలనీలాల టికెట్టు పట్టుకుని దక్షిణామూర్తి గారి ఆఫీసుకి పరిగెత్తాను. పాపకి జడ ఉండేదని, దేవుడికి ఇచ్చామని, ఇదిగో సాక్ష్యమని బల్ల మీద పెట్టాను. ఆయన టికెట్టుని రెండువైపులా చదివారు.

"అనగా జడ ఉండుట వాస్తవం."

"వాస్తవం సార్."

"ప్రస్తుతము ఆ జడ ఎవరి అధీనంలో ఉంది?"

"దేవుడి దగ్గర సార్."

"కనుక అది దేవస్థానం వారి ఆస్తి. వారి ఆస్తిని మీ అమ్మాయి పేరున నమోదు చేయాలంటే, తమకు అభ్యంతరం లేదని దేవస్థానం వారు రాసివ్వాలి."

"శనివారం లోపల ఎట్టా వస్తుంది సార్? పోనీ మీరే ఏదో ఒకటి రాసుకోండి. జుట్టేగా, పెరుగుద్ది."

"పెరుగుద్ది అనేది భవిష్యత్ వాచకం తల్లీ," అన్నారు ఆయన జాలిగా. "ఉత్తర్వు వర్తమానంలో ఉంది." టికెట్టు తిరిగిచ్చేస్తూ, "శనివారం సభలో జడతో డైరెక్టరు గారి ఆశీస్సులు తీసుకున్న బాలికల ఫొటోలను నేరుగా యాప్‌లోకి ఎక్కిస్తాం. అది ప్రత్యేక మార్గం. ఫొటోలో జడ కనిపిస్తే చాలు, కొలత అడగరు," అన్నారు.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మా పైవాటాలో ఉండే సంతోష్ అక్క దిగొచ్చింది. సంతోష్ అంటే మా వైపు మగవాళ్ళ పేరు. వాళ్ళ హర్యానాలో ఆడవాళ్ళకీ పెడతారట. వాళ్ళాయన రైల్వే పోలీసు. ఆవిడ పెళ్ళికి ముందు కుస్తీ పట్టేది, ఇప్పుడు రైల్వే గ్రౌండులో ఆడపిల్లలకి నేర్పుతుంది. అందుకని జుట్టు చెవుల పైకి కత్తిరించుకుంటుంది.

"ఎందుకు ఏడుస్తుంది నువ్వు?" అంది. అక్కకి తెలుగు వస్తుంది గానీ, నువ్వుకీ ఆవిడకీ తేడా తెలియదు.

చెప్పాను. జడ లేకపోతే సీటు లేదన్నాను. అక్క తను తెలుగు తప్పుగా విన్నానేమోనని మళ్ళీ చెప్పించుకుంది. రెండోసారీ అదే విన్నాక, "చదువుకి జుట్టు ఎందుకు?" అంది.

"ఢిల్లీ నుంచి వచ్చిందట అక్కా."

"ఢిల్లీ మా ఊరికి దగ్గర. అక్కడ ఇట్లా ఎవరూ అడగలేదు."

ఆవిడ మాట మీద ధైర్యం వచ్చింది గానీ సీటు రాదు గదా. నాంచారమ్మ కొట్టుకి వెళ్ళాను. జుట్టు తక్కువైనవాళ్ళు జడలో కలిపి అల్లుకునే సవరాలు అమ్ముతుందావిడ. ఆ వారంలో ఆవిడకి అన్నం తినే తీరిక లేదు.

"గుండుకి సవరం ఎట్టా కడతావే అమ్మాయ్? పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా," అంది.

"టోపీకి కుడతాను పిన్నీ."

"ఈ ఎండలోనా?"

ఆ ఎండలోనే. మా ఆయన చలికాలంలో ఆటో తోలేటప్పుడు పెట్టుకునే మంకీ క్యాప్ తీసి చిన్నది చేశాను. వెనకాల సవరం కుట్టి, రిబ్బను కట్టి, చివర కుచ్చులు వేలాడదీశాను. క్యాపు కనిపించకుండా చుట్టూ కనకాంబరాలు కుట్టాను. మోక్షిత అద్దంలో చూసుకుని, "అమ్మా, ఇది నేనేనా?" అంది. అది నవ్వితే క్యాపు కదులుతోంది. నవ్వొద్దని చెప్పాను. ఆరేళ్ళ పిల్లకి చెప్పాల్సిన మాట కాదని తెలుసు. రైలు కూత వినిపించింది, అందుకని చెప్పాను.

శనివారం బడి ముందు పందిరి వేశారు. గేటు దగ్గర వాలంటీర్లు ఆడవాళ్ళని వెనక్కి తిప్పి జడ చూసి లోపలికి పంపుతున్నారు. క్యాపు జారితే సర్దడానికి సాయం వస్తానని సంతోష్ అక్క నాతో వచ్చింది. ఆవిడని ఆపేశారు.

"మీకు జడ లేదండీ. ఇది జట సముదాయ సభ," అన్నాడు వాలంటీరు.

"జట ఏంటి?"

"జుట్టండీ."

"ఉంది కదా," అని చెవి పైన పట్టి చూపించింది అక్క.

"ఇది చాలదండీ. ఇక్కడ నిలబడి చూడొచ్చు."

అక్క గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. నేను పాప చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను.

వేదిక మీద ప్రముఖులందరూ వీపులు సభ వైపు తిప్పి కూర్చున్నారు. జడలు కనపడాలి గదా. సాధువు మాత్రం ఎటు తిరిగినా సరిపోతాడు గనక ఫ్యాను కిందికి జరిగి కళ్ళు మూసుకున్నాడు. డైరెక్టరు గారు సన్నగా, కళ్ళజోడుతో, మర్యాదగా ఉన్నారు. వచ్చినప్పటి నుంచీ వరసగా ఉన్న వీపుల్ని చూస్తూ దక్షిణామూర్తి గారి చెవిలో ఏదో అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా దక్షిణామూర్తి గారు మైకు అందుకుని, "డైరెక్టరు గారు మన ఏర్పాట్లకు ముగ్ధులయ్యారు," అని చెబుతున్నారు. ఆయన ఎన్నోసారి ముగ్ధులయ్యారో గానీ, మొహంలో చెమట ఎక్కువవుతోంది.

పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి ఆశీస్సులు తీసుకుంటున్నారు. ఫొటో తీసే అబ్బాయి, "పాపా, జడ ముందుకేసుకో," అంటున్నాడు. మోక్షిత వంతు వచ్చింది. మెట్లు ఎక్కింది. నవ్వలేదు. నేను నేర్పినట్టే కదలకుండా మెడ బిగించి నిలబడింది.

డైరెక్టరు గారు దాని తల మీద చెయ్యి పెట్టారు. పెట్టి, అది ఉన్ని అని గ్రహించినట్టున్నారు. ఇంత ఎండలో ఇదేంటి బేటీ అని హిందీలో ఏదో అంటూ, ప్రేమగానే, పైకి లాగారు. కనకాంబరాలతో, రిబ్బనుతో, కుచ్చులతో సహా అంతా ఆయన చేతిలోకి వచ్చేసింది. కింద మోక్షిత గుండు చెమటకి మెరుస్తోంది.

డైరెక్టరు గారు చేతిలో వేలాడుతున్న సవరాన్ని చూశారు, వీపుల్ని చూశారు, దక్షిణామూర్తి గారిని చూశారు. ఆయన ఓపిక అక్కడితో అయిపోయింది.

"సుబహ్ సే పూఛ్ రహా హూఁ. జాట్ కహాఁ హై?" అన్నారు మైకులోనే.

దక్షిణామూర్తి గారు తెలుగు చేశారు. "జడ ఎక్కడ ఉంది అని డైరెక్టరు గారు ప్రశ్నిస్తున్నారు. పొద్దుటి నుంచీ అదే అడుగుతున్నారట."

అందరూ నా పిల్ల వైపు చూశారు. మోక్షిత తల ఎత్తి, "నీ చేతిలోనే ఉంది గదా తాతా," అంది.

అప్పుడు గేటు దగ్గర నుంచి గట్టిగా వినిపించింది. "జాట్? మై హూఁ నా సాహబ్. మై హూఁ జాట్."

సంతోష్ అక్క చెయ్యెత్తి నిలబడి ఉంది. దక్షిణామూర్తి గారు అలవాటు కొద్దీ మైకు అందుకుని, "నేనే జడని అంటోంది," అన్నారు. అని, చెవుల పైకి కత్తిరించిన ఆవిడ తలని చూసి, మైకుని మెల్లగా కిందికి దించారు.

డైరెక్టరు గారు తనే మెట్లు దిగి గేటు దగ్గరికి వెళ్ళారు. ఇద్దరూ హిందీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో అక్క ఒకసారి నా వైపు, ఒకసారి వేదిక మీది వీపుల వైపు చూసి, ఊచలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే గేటు కూడా ఊగింది. పక్కనే నిలబడి విన్న భ్రమరాంబ గారు తిరిగొచ్చి దొరికిన కుర్చీలో కూర్చుండిపోయారు.

"సార్," అన్నారు నీరసంగా. "జాటంటే జడ కాదంట. మనుషులంట."

అక్కని వేదిక ఎక్కించారు. మీ వాళ్ళలో ప్రముఖుల గురించి పిల్లలకి చెప్పమన్నారు. ఆవిడ తెలుగులోనే చెప్పింది.

"మా పిన్ని కళ్ళ డాక్టరు. మా ఊరి చుట్టూ ఉన్న ముసలివాళ్ళందరూ ఆవిడ వల్లనే చూస్తుంది. మా బాబాయి పాట కడతాడు, రాత్రంతా పాడతాడు, చాలు అన్నా ఆపడు. మా మామగారు గోధుమ విత్తనం కొత్తది చేసింది. మా పెద్దక్క జడ్జి. ఆమెకి జుట్టు ఉంది, కొంచెం. నేను కుస్తీలో రాష్ట్రానికి ఆడింది. పెద్ద పెద్దవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, పుస్తకంలో ఉంటుంది, చదువుకోండి. నేను రెండేళ్ళు ఈ బడి వీధిలోనే ఉంది. అందరూ నన్ను ఒకటే అడిగారు. మీరు రోజూ రొట్టెలేనా, అన్నం తినరా అని."

అందరూ నవ్వబోయి ఆగారు. సాధువు ఒక్కడే కళ్ళు తెరిచి చప్పట్లు కొట్టాడు.

డైరెక్టరు గారు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు క్యాపుని జాగ్రత్తగా మోక్షిత చేతికిచ్చి దండం పెట్టారు. ఇక దక్షిణామూర్తి గారు తప్పు ఒప్పుకుంటారని, యాప్‌లో ఆ గడి తీసేస్తారని అనుకున్నాను. నేను చదువుకోలేదు గదా, అందుకని అలా అనుకున్నాను.

"తప్పు ఏమీ జరగలేదు," అన్నారాయన సోమవారం. "అవగాహన పరిణామం చెందింది." గడువు పొడిగించారు, కొత్త ఉత్తర్వు ఇచ్చారు. మండల స్థాయిలో క్షుణ్ణంగా పరిశీలించగా, జాట్ ప్రముఖులు ఒక్కరు మాత్రమే లభ్యమైనారని, వారి జుట్టు పొట్టిగా ఉన్నదని, కావున స్ఫూర్తి నిమిత్తం పొట్టి జుట్టు గల బాలికలకు ఒకటో తరగతిలో ప్రాధాన్యం ఇవ్వవలెనని అందులో ఉంది. ఉన్న జడలు ఉండవచ్చునట, కానీ అవి వర్తించవట. యాప్‌లో గడి అలాగే ఉంది. ఇప్పుడది సున్నా తప్ప ఇంకేమీ తీసుకోవడం లేదు.

భ్రమరాంబ గారు సున్నా వేశారు. పచ్చగా వచ్చింది.

"మండలంలో మొదటి సీటు మీ అమ్మాయిదే త్రిపురా," అన్నారు. అని, గొంతు తగ్గించి, "అర్ధసంవత్సర పరీక్షలప్పుడు మళ్ళీ తనిఖీకి వస్తారంట. అప్పటికీ ఇట్టాగే ఉండాలంట," అన్నారు.

సంబరంగా ఇంటికొచ్చాను. పాప తల మీద చెయ్యి వేస్తే అరచేతికి సన్నగా గరుగ్గా ఏదో తగిలింది. ఒత్తుగా రావాలని మందారాకు నూరి, కొబ్బరినూనెలో కాచి రోజూ పట్టించింది నేనే గదా. ఆ నూనె సీసా తీసి అటక మీద పెట్టేశాను. మోక్షిత ఏడుపు మొదలుపెట్టింది, తనకి నిజం జడ కావాలని. దాన్ని ఊరుకోబెట్టలేక, మళ్ళీ కొండకి మొక్కుకుందామా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సంతోష్ అక్క వచ్చి సంగతంతా విని, స్టూలు వేసుకుని సీసా దించింది. పాపని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని చేతినిండా నూనె పోసి మర్దన మొదలుపెట్టింది.

"అక్కా, వద్దు. తనిఖీకొస్తారు," అన్నాను.

"రానీ," అంది అక్క. "జుట్టు పెరిగేలోపు వాళ్ళు ఇంకో మాట తప్పు వింటుంది."